టాలీలో ఎంట్రీ డిలీట్ అయిపోతే ఏం చేయాలి: వెతకడం, వెనక్కి తెచ్చుకోవడం, సరిచూసుకోవడం

నరసన్నపేట బట్టల హోల్‌సేల్ దుకాణంలో కూర్చున్న గుమస్తా అయినా, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ అకౌంటెంటు అయినా, విజయనగరం పక్కన రైసు మిల్లులో లెక్కలు రాసే కుర్రాడైనా పదే పదే అడిగే ప్రశ్న ఒకటే: "నిన్న కొట్టిన బిల్లు ఇవాళ టాలీలో లేదు, ఎలా తెచ్చుకోవాలి?"

జవాబు ముందే చెప్పేస్తాం. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ అయిన టాలీలో రీసైకిల్ బిన్ లేదు. ఆల్ట్+డి నొక్కి, "ఎస్" అన్నాక ఆ వోచరు (టాలీలో ఒక్కో ఎంట్రీని అలా అంటారు) పోయినట్టే. డబ్బులు తీసుకుని సాఫ్ట్‌వేర్‌తో లాగి ఇస్తామనే వాళ్ల మాట నమ్మకండి. దారులు రెండే: పాత బ్యాకప్‌లోంచి తెచ్చుకోవడం, లేదంటే కాగితాలు చూసి మళ్లీ వేసుకోవడం. అయితే "పోయింది" అని గగ్గోలు పెట్టిన ఎంట్రీల్లో చాలావరకు అక్కడే ఎక్కడో ఉంటాయి. అందుకే వెనక్కి తెచ్చే పని కన్నా ముందు వెతికే పని ఉంటుంది. ఆ వరస తప్పితే చిన్న తప్పు పెద్దదవుతుంది.

ఇక్కడ చెప్పేవి టాలీప్రైమ్‌కి. దానికి ముందరి వెర్షన్ ఈఆర్‌పీ 9 ఇంకా వాడుతున్నవాళ్లకి తేడా ఉన్నచోట విడిగా చెప్తాం.

దగ్గర పెట్టుకోవలసినవి

- అడ్మిన్ యూజర్ పేరు, పాస్‌వర్డ్. గుమస్తా లాగిన్‌తో కొన్ని మెనూలు కనిపించవు.
- ఖాళీ ఉన్న పెన్‌డ్రైవ్ లేదా ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్.
- దొరికినన్ని పాత బ్యాకప్‌లు. ఆడిటర్ గారికి ఎప్పుడో పంపిన కాపీ కూడా పనికొస్తుంది, అడిగి తెప్పించండి.
- కాగితపు సాక్ష్యం: బిల్లుల కార్బన్ కాపీలు, వాట్సాప్‌లో పార్టీలకి పంపిన పీడీఎఫ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఈ-వే బిల్లులు, జీఎస్టీ పోర్టల్‌లో ఫైల్ చేసిన జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్), కొనుగోళ్లకైతే జీఎస్టీఆర్-2బీ (అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా).
- పనిచేసే యూపీఎస్. ఈ పని మధ్యలో కరెంటు పోతే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

1. అందరినీ ఆపండి, ఫోల్డర్ కాపీ తీయండి

షాపులో నాలుగు కంప్యూటర్లలో టాలీ తెరిచి ఉంటే నాలుగింట్లోనూ మూయించండి. తర్వాత డేటా ఫోల్డర్ ఎక్కడుందో చూడండి. కంపెనీ ఎంచుకునే తెర మీదే ఆ పాత్ కనిపిస్తుంది. మామూలుగా సి డ్రైవ్‌లో యూజర్స్, పబ్లిక్, టాలీప్రైమ్, డేటా అనే వరసలో ఉంటుంది. లోపల కంపెనీకొక అంకెల ఫోల్డర్ ఉంటుంది, 10000, 10001 ఇలా. మీ కంపెనీ నంబరు ఉన్న ఫోల్డర్‌ని విండోస్‌లోనే కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయండి. పేరు చివర తేదీ, "తప్పుతో" అన్న మాట చేర్చండి.

ఈ పనికి టాలీలోని బ్యాకప్ మెనూ వాడకండి. పాత రిలీజుల్లో అదే చోట మళ్లీ బ్యాకప్ తీస్తే, మొన్నటి మంచి బ్యాకప్ మీద ఇవాళ్టి లోపమున్న డేటా రాసేస్తుంది. ఎంట్రీ పోయిందని తెలిసిన క్షణంలో కంగారుగా బ్యాకప్ తీసి, ఉన్న ఒక్క ఆధారాన్నీ చేజేతులా పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

2. నిజంగా డిలీట్ అయిందా?

దీనికి అరగంట కేటాయించండి. కింది వాటిని ఒక్కొక్కటీ చూడకుండా మూడో అడుగుకి వెళ్లొద్దు.

తేదీ: డే బుక్ (రోజువారీ ఎంట్రీల జాబితా) తెరిస్తే ఒక్క రోజుదే చూపిస్తుంది. ఆల్ట్+ఎఫ్2 నొక్కి పుస్తకాలు మొదలైన రోజు నుంచి వచ్చే ఏడాది మార్చి 31 దాకా ఇవ్వండి. 5-4 అని కొట్టబోయి 4-5 అని కొట్టిన బిల్లు మే నెలలో కూర్చుని ఉంటుంది. మార్చి, ఏప్రిల్ మధ్య ఇది మరీ ఎక్కువ.

కంపెనీ: పాత సంవత్సరం, కొత్త సంవత్సరం రెండూ విడివిడి కంపెనీలుగా ఉంటే ఎంట్రీ రెండో దాంట్లో పడి ఉండొచ్చు. తెర మీద పేరు ఒకేలా ఉంటే గుర్తుపట్టడం కష్టం, ఫోల్డర్ నంబరు చూసుకోండి.

ఆప్షనల్: వోచరు తెరిచి ఉండగా పొరపాటున కంట్రోల్+ఎల్ నొక్కితే అది ఆప్షనల్ వోచరుగా మారిపోతుంది. లెడ్జర్లో (పార్టీ పద్దులో), ట్రయల్ బ్యాలెన్స్‌లో (పద్దులన్నిటి డెబిట్, క్రెడిట్ మొత్తాల పట్టికలో) కనిపించదు. కంట్రోల్+టి నొక్కితే పోస్ట్-డేటెడ్ అయిపోయి ఆ తేదీ వచ్చేదాకా లెక్కలోకి రాదు. రెండింటికీ డే బుక్‌లో కంట్రోల్+జె నొక్కితే ఎక్సెప్షన్ రిపోర్టులు వస్తాయి, అక్కడ ఆప్షనల్, పోస్ట్-డేటెడ్, మెమొరాండం మూడూ చూడండి. ఉంటే వోచరు తెరిచి అదే మీట మళ్లీ నొక్కి సేవ్ చేస్తే మామూలు ఎంట్రీ అయిపోతుంది.

దాచిన వరస: రిపోర్టులో కంట్రోల్+ఆర్ నొక్కితే ఆ వరస తెర మీద నుంచి మాయమవుతుంది. డిలీట్ కాదు, దాచడం మాత్రమే. రిపోర్టు మూసి మళ్లీ తెరిస్తే వచ్చేస్తుంది. ఈఆర్‌పీ 9లో దీనికి ఆల్ట్+ఆర్. టాలీ కొత్తగా నేర్చుకుంటున్న వాళ్లు దీన్ని చూసి బెదిరిపోతారు.

వోచరు రకం: సేల్స్ బదులు జర్నల్‌లోనో, మీరు విడిగా పెట్టుకున్న "క్యాష్ సేల్స్" రకంలోనో వేసి ఉండొచ్చు. సేల్స్ రిజిస్టరు కాకుండా పార్టీ లెడ్జర్ తెరిచి మొత్తాన్ని బట్టి వెతకండి.

క్యాన్సిల్: ఆల్ట్+ఎక్స్ నొక్కితే వోచరు నంబరు మిగిలి, లోపలి పార్టీ, మొత్తం పోతాయి. డే బుక్‌లో క్యాన్సిల్డ్ అని కనిపిస్తుంది. దీన్ని ఆ వోచరే తెరిచి మళ్లీ నింపుకోవచ్చు, నంబరు పోలేదు కాబట్టి సగం తలనొప్పి తప్పినట్టే.

3. ఏయే నంబర్లు పోయాయో రాసుకోండి

ఇవేవీ కాదని తేలితే డిలీట్ అయినట్టే. ఇప్పుడు కాగితం తీసుకుని పోయిన వోచర్ల జాబితా రాయాలి: రకం, నంబరు, తేదీ, పార్టీ, మొత్తం.

ఇక్కడే అసలు మెలిక ఉంది. వోచరు టైపులో నంబరింగ్ "ఆటోమేటిక్" ఉన్నప్పుడు, టాలీప్రైమ్ 3.0 నుంచి ఇంకో సెట్టింగ్ కూడా వచ్చింది: డిలీట్ చేసినప్పుడు పాత నంబరు అలాగే ఉంచాలా, లేక మిగతావాటికి కొత్తగా నంబర్లు వేయాలా అని. మొదటిది "రిటైన్ ఒరిజినల్ వోచర్ నంబర్", రెండోది "రీనంబర్ వోచర్స్". రెండోది పెట్టి ఉంటే 412 నంబరు బిల్లు డిలీట్ చేయగానే 413 వెళ్లి 412 అవుతుంది, 414 వెళ్లి 413 అవుతుంది. వరసలో ఖాళీ కనిపించదు కాబట్టి ఏమీ పోలేదనిపిస్తుంది. కానీ పార్టీ చేతిలో ఉన్న బిల్లు నంబరు ఒకటి, మీ టాలీలో నంబరు ఇంకొకటి. జీఎస్టీఆర్-1 అలాగే ఎక్కిస్తే కొనుగోలుదారుడి 2బీలో నంబరు తేడా వస్తుంది, అక్కడి నుంచి మొదలవుతుంది ఫోన్ల మీద ఫోన్లు.

చూసే తీరు: గేట్‌వేలో ఆల్టర్, వోచర్ టైప్, సేల్స్ తెరవండి. నంబరింగ్ పద్ధతి ఎదురుగా ఏముందో చదవండి.

"రిటైన్" ఉంటే: అక్కడే వాడని నంబర్లు చూపించే ఆప్షన్‌ని ఆన్ చేయండి, లేదా సేల్స్ రిజిస్టరులో నంబర్ల వరసలో ఖాళీలు వెతకండి. ఖాళీ నంబర్లే మీ జాబితా.

"రీనంబర్" ఉంటే: నెల చివరి బిల్లు కార్బన్ కాపీతో మొదలుపెట్టి వెనక్కి రండి. కాగితం మీద నంబరు, టాలీలో నంబరు ఎక్కడ కలిశాయో, దానికి తర్వాతి బిల్లే పోయింది. రెండు పోతే తేడా మొదట రెండు, తర్వాత ఒకటి, తర్వాత సున్నా అవుతుంది.

4. ఎవరు, ఎప్పుడు?

ఆల్ట్+జి నొక్కి "ఎడిట్ లాగ్" అని టైప్ చేయండి. మీ దగ్గర ఎడిట్ లాగ్ ఆన్‌లో ఉంటే ఏ వోచరు ఎవరి లాగిన్‌తో, ఎప్పుడు సృష్టించారో, మార్చారో, డిలీట్ చేశారో వరసగా వస్తుంది. ఆన్ చేసిన రోజు నుంచి జరిగినవే ఉంటాయి, అంతకు ముందువి ఉండవు. లాగ్ చూపిస్తుంది తప్ప వోచరుని తిరిగి పెట్టదు. కానీ పోయినదాని వివరాలు దొరికితే మళ్లీ వేసేటప్పుడు చాలా పని తగ్గుతుంది.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకి ఇది ఇష్టమున్నట్టు ఆపుకునే విషయం కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పు జాడా ఉండాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. సొంత వ్యాపారం, భాగస్వామ్య సంస్థలకి ఆ నియమం వర్తించదు, నిజమే. అయితే సీజీఎస్టీ నియమాల్లో 56(8) ప్రకారం లెక్కలు కంప్యూటర్లో రాసే ప్రతి రిజిస్టర్డ్ వ్యాపారీ మార్చిన, తొలగించిన ఎంట్రీల లాగ్ ఉంచాలి. "మాది చిన్న షాపు" అన్న మాట అక్కడ చెల్లదు.

ఎవరు డిలీట్ చేశారో తెలిశాక తిట్టడం మీ ఇష్టం. కానీ అందరూ ఒకే అడ్మిన్ లాగిన్ వాడుతుంటే లాగ్‌లో ఒకే పేరు వస్తుంది, ఎవరినీ అనడానికి ఉండదు.

5. బ్యాకప్‌ని వేరే ఫోల్డర్‌లో తెరవండి

ఈ అడుగులో జరిగే తప్పు అన్నిటికన్నా ఖరీదైనది. పది రోజుల కిందటి బ్యాకప్‌ని ఇప్పుడు వాడుతున్న డేటా ఫోల్డర్లోకే రిస్టోర్ చేస్తే పోయిన ఒక్క బిల్లు వస్తుంది, ఈ పది రోజుల్లో కొట్టినవన్నీ పోతాయి. కాబట్టి:

అ) డి డ్రైవ్‌లో "టాలీపాత" అని కొత్త ఫోల్డర్ చేయండి.

ఆ) టాలీలో ఆల్ట్+వై నొక్కి "రిస్టోర్" ఎంచుకోండి. ఎక్కడికి అన్నచోట "టాలీపాత" ఇవ్వండి, ఎక్కడి నుంచి అన్నచోట పాత బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్ ఇవ్వండి. ఉన్నదాని మీద రాయాలా అని ఎప్పుడైనా అడిగితే "నో" అనండి. అలా అడిగిందంటే మీరు తప్పు ఫోల్డర్ ఇచ్చారని అర్థం.

ఇ) ఆల్ట్+ఎఫ్3 నొక్కి ఆ పాత్ ఇచ్చి పాత కంపెనీ తెరవండి. తెరవగానే చేసే మొదటి పని ఆల్ట్+కె నొక్కి, ఆల్టర్‌లోకి వెళ్లి కంపెనీ పేరు చివర "పాత కాపీ" అని చేర్చడం. లేకపోతే ఒకే పేరున్న రెండు కంపెనీల మధ్య తిరుగుతూ కొత్త ఎంట్రీలు పాతదాంట్లో కొట్టేస్తారు.

ఈ) మీ జాబితాలోని వోచర్లు ఇందులో ఉన్నాయా చూడండి. లేకపోతే ఇంకా ముందరి బ్యాకప్, అదీ లేకపోతే ఇంకా ముందరిది.

బ్యాకప్ అసలు లేకపోతే? డేటా ఫోల్డర్ గూగుల్ డ్రైవ్‌కో వన్‌డ్రైవ్‌కో సింక్ అవుతుంటే అక్కడ పాత వెర్షన్లు దొరకొచ్చు. విండోస్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో "ప్రీవియస్ వెర్షన్స్" కూడా చూడండి, కొన్ని కంప్యూటర్లలో ఆన్‌లో ఉంటుంది. ఏ ఫైల్ దొరికినా మొత్తం ఫోల్డర్ ఒకే సమయానిది కావాలి. ఒక ఫైల్ నిన్నటిది, ఇంకోటి ఇవాళ్టిది కలిపి పెడితే కంపెనీ తెరుచుకోదు. రోజువారీ పని మాత్రం సింక్ ఫోల్డర్లో నడపకండి. టాలీ రాస్తున్న సమయంలోనే సింక్ ఆ ఫైల్‌ని పట్టుకుంటే డేటా చెడుతుంది.

అదీ లేదంటే కాగితాలే గతి. అమ్మకాలకి ఫైల్ చేసిన జీఎస్టీఆర్-1, కొనుగోళ్లకి 2బీ, రసీదులకి బ్యాంకు స్టేట్‌మెంటు, సరుకు కదలికకి ఈ-వే బిల్లులు. నగదు రసీదులకి మాత్రం పార్టీని పిలిచి వాళ్ల పద్దు పుస్తకంతో కలుపుకోవడం తప్ప దారి లేదు.

6. వోచర్లని అసలు కంపెనీలోకి చేర్చండి

పదిహేను, ఇరవై లోపు అయితే చేత్తో కొట్టడమే మంచిది. పాత కాపీలోంచి ప్రింట్ తీసి పక్కన పెట్టుకుని కొట్టండి. ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌తో అన్నీ ఒకేసారి ఎక్కించడం చూడటానికి తేలికనిపిస్తుంది, దాని వెనక సరిదిద్దే పని ఎక్కువ.

చేత్తో కొట్టేటప్పుడు నంబరు విషయం: "రీనంబర్" ఉన్నచోట డే బుక్‌లో ఏ వోచరుకి పైన రావాలో దాని మీద నిలబడి ఆల్ట్+ఐ నొక్కండి. కొత్త వోచరు అక్కడ దూరి, కిందవాటి నంబర్లు ఒక్కొక్కటీ జరిగి తమ పాత స్థానానికి వస్తాయి. సేవ్ చేయగానే తర్వాతి మూడు, నాలుగు బిల్లులు కార్బన్ కాపీతో కలుస్తున్నాయో లేదో చూడండి. "రిటైన్" ఉంటే నంబరింగ్‌ని కాసేపు "ఆటోమేటిక్, మాన్యువల్ ఓవర్‌రైడ్" చేసి పాత నంబరు మీరే టైప్ చేయండి, పని అయ్యాక తిరిగి మార్చండి. ఈ సెట్టింగ్ ముట్టుకునే ముందు మొదటి అడుగులో తీసినట్టు ఇంకో కాపీ తీయండి.

వందల్లో ఉంటే: పాత కాపీలో డే బుక్ తెరిచి, పోయిన వోచర్లు మాత్రమే కనిపించేలా తేదీ, ఫిల్టర్ పెట్టండి. ఆల్ట్+ఇ (ఎక్స్‌పోర్ట్), "కరెంట్", ఫార్మాట్ ఎక్స్‌ఎంఎల్. తర్వాత అసలు కంపెనీలో ఆల్ట్+ఓ (ఇంపోర్ట్, అంటే దించుకోవడం), "ట్రాన్సాక్షన్స్", ఆ ఫైల్. హెచ్చరిక: రోజు మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి దించితే, ఆ రోజు బాగున్న వోచర్ల మీద కూడా పాత రూపం రాసేయొచ్చు. బ్యాకప్ తర్వాత మీరు సరిదిద్దిన రేటు, సరిదిద్దిన పార్టీ అన్నీ వెనక్కి పోతాయి. అందుకే పోయినవి మాత్రమే.

దించాక ఎన్ని సృష్టించింది, ఎన్ని మార్చింది, ఎన్ని వదిలేసింది అన్న లెక్క చూపిస్తుంది. మీ జాబితాలో 140 ఉంటే సృష్టించినవి 140 ఉండాలి. మార్చినవి అన్నచోట సున్నా కాకుండా ఏమున్నా ఆగి చూడండి. తప్పులు వస్తే చాలాసార్లు కారణం లెడ్జర్ పేరు: పాత కాపీలో పేరు చివర ఊరు ఉంటుంది, కొత్తదాంట్లో ఉండదు. అక్షరం తేడా వచ్చినా టాలీకి అది వేరే మనిషే.

మళ్లీ వేసిన ప్రతి వోచరులోనూ మూడు చోట్ల తడబడతారు.

బిల్-వైజ్: రసీదు మళ్లీ వేసేటప్పుడు "ఎగైనెస్ట్ రెఫ్" (ఉన్న బిల్లుకి చెల్లు) బదులు "న్యూ రెఫ్" (కొత్త పద్దు) ఇస్తే డబ్బు వచ్చినా పాత బిల్లు బాకీగానే ఉంటుంది, కొత్తగా ఇంకో జమ వేలాడుతుంది. అమ్మకం బిల్లు పోయి రసీదు మిగిలిన చోట బిల్లు రెఫరెన్స్ పేరు పాతదే ఇవ్వాలి, అక్షరం కూడా మారకూడదు. అప్పుడే రెండూ కలిసి చెల్లుతాయి.

బ్యాంకు తేదీ: డిలీట్ అయిన బ్యాంకు వోచరుతో పాటు దాని రికన్సిలియేషన్ తేదీ కూడా పోతుంది. చేత్తో మళ్లీ వేసినదానికి ఆ తేదీ మళ్లీ ఇవ్వాలి. ఇవ్వకపోతే బీఆర్‌ఎస్‌లో (బ్యాంకు లెక్కతో సరిపోల్చే పట్టికలో) ఏడాది కిందటి చెక్కు ఇంకా క్లియర్ కానట్టు కనిపిస్తుంది.

గోడౌను, యూనిట్: ధాన్యం మిల్లులో బస్తాల్లో కొన్నది క్వింటాళ్లలో ఎక్కిస్తే మొత్తం సరిపోతుంది, స్టాక్ తప్పుతుంది. జీడిపప్పులో గ్రేడుకొక ఐటెం పెట్టుకున్నవాళ్లు డబ్ల్యూ-240 బదులు డబ్ల్యూ-320 కొట్టేసినా అంతే. మొత్తం కలిసిందని వదిలేయకండి.

లెడ్జరే మాయమైతే

వోచర్లున్న లెడ్జర్‌ని టాలీ డిలీట్ చేయనివ్వదు. కాబట్టి పార్టీ పేరు కనిపించడం లేదంటే ఎవరో పేరు మార్చి ఉంటారు, లేదా వేరే గ్రూపులోకి తోసి ఉంటారు. సండ్రీ డెటార్స్‌లో (మనకి బాకీ ఉన్నవాళ్లు) లేని పార్టీ సండ్రీ క్రెడిటార్స్‌లో (మనం బాకీ ఉన్నవాళ్లు) కూర్చుని ఉంటుంది. చార్ట్ ఆఫ్ అకౌంట్స్‌లో మొత్తం చూడండి. ఒక్క వోచరూ లేని, ప్రారంభ నిల్వ మాత్రమే ఉన్న లెడ్జర్ మాత్రం నిజంగానే డిలీట్ అవుతుంది. అప్పుడు బ్యాలెన్స్ షీట్‌లో "డిఫరెన్స్ ఇన్ ఓపెనింగ్ బ్యాలెన్సెస్" అన్న వరస తేలుతుంది. ఆ మొత్తమే పోయిన లెడ్జర్ మొత్తం అయ్యే అవకాశం ఎక్కువ, పాత ఏడాది ముగింపు జాబితాలో ఆ అంకె వెతకండి.

మళ్లీ సృష్టించేటప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలో ప్రత్యేకంగా జరిగే తప్పు ఒకటుంది. పలాస, ఇచ్ఛాపురం నుంచి ఒడిశాలోని బరంపురం పార్టీలకి అమ్మకాలు రోజూ నడుస్తాయి. కొత్త లెడ్జర్ తెరిస్తే రాష్ట్రం దగ్గర ఆంధ్రప్రదేశ్ అలవాటుగా ఉండిపోతుంది. దాంతో ఐజీఎస్టీ (వేరే రాష్ట్రానికి అమ్మితే పడే పన్ను) పడాల్సిన బిల్లుకి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం లోపలి అమ్మకాలకి పడేవి) పడతాయి. జీఎస్టీఐఎన్ మొదటి రెండంకెలు చూడండి: 37 అయితే ఆంధ్ర, 21 అయితే ఒడిశా. లెడ్జర్లో రాష్ట్రం దానితో కలవాలి.

కరెంటు పోయాక వచ్చే ఎర్రర్లు

ఎవరూ డిలీట్ చేయకుండానే ఎంట్రీలు పోవడం, "మెమరీ యాక్సెస్ వయొలేషన్" లాంటి మాటలతో టాలీ మూసుకుపోవడం, "ఇంటర్నల్ ఎర్రర్" రావడం ఇవన్నీ డేటా చెడినదానికి గుర్తులు. సేవ్ అవుతుండగా కరెంటు పోవడం, నెట్‌వర్క్ కేబుల్ ఊడటం, వైఫై మీద సర్వర్ ఫోల్డర్ నడపడం మామూలు కారణాలు. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల కాలంలో ఇవి ఎక్కువవుతాయి.

ముందు స్టాటిస్టిక్స్ రిపోర్టు తెరుచుకుంటే దాన్ని ప్రింట్ తీయండి: ఆల్ట్+జి, "స్టాటిస్టిక్స్". ఏ రకం వోచర్లు ఎన్ని ఉన్నాయో అందులో ఉంటుంది. తర్వాత ఆల్ట్+వై, "రిపేర్". ఈఆర్‌పీ 9లో కంట్రోల్+ఆల్ట్+ఆర్. రిపేర్‌ని అసలు ఫోల్డర్ మీద కాకుండా మొదటి అడుగులో తీసిన కాపీకి ఇంకో కాపీ చేసి దాని మీద నడపండి. రిపేర్ చదవలేకపోయిన రికార్డుని వదిలేసి ముందుకెళ్తుంది. కంపెనీ చక్కగా తెరుచుకుంటుంది, మీరు సంతోషిస్తారు, కానీ లోపల కొన్ని వోచర్లు ఉండవు. అందుకే రిపేర్ తర్వాత స్టాటిస్టిక్స్ మళ్లీ తీసి పాత ప్రింటుతో కలపండి. సేల్స్ 1,846 ఉన్నవి 1,843 అయితే ఆ మూడూ ఏవో మూడో అడుగు పద్ధతిలో పట్టుకోవాలి.

రిపేర్ రెండుసార్లు నడిపినా అదే ఎర్రర్ వస్తే మూడోసారి నడపకండి. బ్యాకప్‌కి వెళ్లండి.

జీఎస్టీ వైపు ఏం చేయాలి

పోయిన బిల్లు పార్టీకి ఇచ్చేసినదైతే, ఫైల్ చేసినదైతే అదే నంబరు, అదే తేదీ, అదే మొత్తంతో తిరిగి వేయాలి. "ఎలాగూ పోయింది, కొత్త నంబరుతో వేద్దాం" అన్న ఆలోచన రానివ్వకండి, ఒకే అమ్మకం రెండుసార్లు చూపినట్టవుతుంది.

పార్టీకి ఇవ్వని, తప్పుగా కొట్టిన బిల్లైతే నంబరు ఖాళీగా వదిలేసి, జీఎస్టీఆర్-1 లోని 13వ పట్టికలో క్యాన్సిల్ అయినవాటి కింద చూపండి. ఆ పట్టికలో మొదటి నంబరు, చివరి నంబరు, మొత్తం, క్యాన్సిల్ అయినవి, మిగిలినవి ఇవ్వాలి. బిల్లుల నంబర్లు ఒక ఆర్థిక సంవత్సరంలో వరసగా, మళ్లీ రాకుండా, 16 అక్షరాలకి మించకుండా ఉండాలన్న నియమం ఉంది. వరసలో ఖాళీ ఉంటే దానికి కారణం చెప్పగలగాలి.

సరుకు వెళ్లిపోయాక బిల్లు తప్పని తెలిస్తే డిలీట్ చేయకండి, క్రెడిట్ నోట్ ఇవ్వండి. ఈ-ఇన్వాయిస్ తీసినవాళ్లకి పోర్టల్‌లో క్యాన్సిల్ చేసే గడువు 24 గంటలే. టాలీలో డిలీట్ చేసినంత మాత్రాన పోర్టల్‌లో ఐఆర్‌ఎన్ (ఈ-ఇన్వాయిస్‌కి పోర్టల్ ఇచ్చే నంబరు) పోదు. క్యాన్సిల్ చేసిన నంబరుతో మళ్లీ ఐఆర్‌ఎన్ తీయడమూ కుదరదు. ఈ-వే బిల్లుకీ 24 గంటలే, దారిలో అధికారులు తనిఖీ చేసి ఉంటే అదీ కుదరదు.

అంతా సరిపోయిందా అని చూసే పద్ధతి

ట్రయల్ బ్యాలెన్స్ కలిసింది కదా అని లేచిపోకండి. వోచరు మొత్తంగా పోతే డెబిట్, క్రెడిట్ రెండూ పోతాయి, ట్రయల్ బ్యాలెన్స్ ఎప్పుడూ కలుస్తుంది. చూడవలసినవి ఇవి:

- క్యాష్ బుక్‌ని రోజువారీగా చూడండి. ఏ రోజైనా నగదు మైనస్ ఉంటే ఆ రోజుకి ముందు ఒక రసీదు ఇంకా రాలేదు.
- బ్యాంకు లెడ్జర్ ముగింపు, బ్యాంకు స్టేట్‌మెంటు ముగింపు. తేడా ఉంటే బీఆర్‌ఎస్‌లో దానికి లెక్క కనిపించాలి.
- స్టాక్ సమ్మరీలో మైనస్ ఉన్న ఐటెంలు. కొనుగోలు పోయిందని చెప్పే తేలికైన గుర్తు ఇదే.
- బాకీల రిపోర్టులో జమ వైపు వేలాడుతున్న పార్టీలు.
- టాలీలో జీఎస్టీఆర్-1 తెరిచి "అన్‌సర్టెన్ ట్రాన్సాక్షన్స్" సున్నా ఉందా, నెల మొత్తం పోర్టల్‌లో ఫైల్ చేసినదానితో రూపాయలతో సహా కలుస్తుందా.
- స్టాటిస్టిక్స్‌లో వోచర్ల లెక్క.

మొదటి రెండూ కలిసి, నాలుగోది కలవకపోతే తప్పు దాదాపు ఎప్పుడూ బిల్-వైజ్ రెఫరెన్స్ దగ్గరే ఉంటుంది. అక్కడ మొదలుపెట్టండి.

అన్నీ కలిశాక "టాలీపాత" ఫోల్డర్‌ని వెంటనే తీసేయకండి. ఆడిటర్ చూసేదాకా ఉంచి, టాలీ జాబితాలో మాత్రం కనిపించకుండా వేరే డ్రైవ్‌కి మార్చండి.

మళ్లీ రాకుండా

ఎంట్రీలు కొట్టేవాళ్లకి విడి లాగిన్ ఇచ్చి, ఆల్ట్+కె కింద యూజర్ రోల్స్‌లో వోచరు డిలీట్, ఆల్టర్ హక్కులు తీసేయండి. డిలీట్ కావాలంటే యజమానో, హెడ్ అకౌంటెంటో వచ్చి చేయాలి. ఆ చిరాకు పడటం మంచిదే. సేల్స్ వోచరు రకాలన్నిటికీ నంబరింగ్ "రిటైన్" చేయండి. తప్పు బిల్లుకి ఆల్ట్+ఎక్స్ అలవాటు చేయండి, ఆల్ట్+డి కాదు. టాలీవాల్ట్ (కంపెనీ డేటాకి వేసే పాస్‌వర్డ్ తాళం) పెట్టుకుంటే పాస్‌వర్డ్ రెండు చోట్ల రాసిపెట్టండి, అది మరిచిపోతే డేటా తెరవడానికి ఎవరి దగ్గరా మార్గం లేదు.

బ్యాకప్‌కి వారంలో ఏడు రోజుల పేర్లతో ఏడు ఫోల్డర్లు చేసుకోండి: సోమవారం బ్యాకప్ సోమవారం ఫోల్డర్లోకే. అలా ఉంటే ఇవాళ తెలిసిన తప్పుకి ఆరు రోజులు వెనక్కి వెళ్లే వీలుంటుంది. నెలాఖరు కాపీని విడిగా ఉంచండి. ఒక పెన్‌డ్రైవ్ షాపులో కాకుండా ఇంట్లో ఉండాలి. జీఎస్టీ చట్టం ప్రకారం పుస్తకాలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి, కాబట్టి ప్రతి మార్చి 31 నాటి కాపీని ఏడాది పేరుతో పక్కన పెట్టండి. నెలకొకసారి వాటిలో ఒకదాన్ని "టాలీపాత"లోకి రిస్టోర్ చేసి తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ సంగతి అవసరం పడ్డ రోజు కాకుండా ముందే తెలుస్తుంది.